మూడు పట్టాల బండి: ఉపేందరన్న ఎవరు?

పాత రైలు బొమ్మలు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏళ్ల తరబడి అందరూ నెత్తిన పెట్టుకున్న ‘ఉపేందరన్న’ అసలు ఉపేందరే కాదు. ఆ ఫోన్ వెనక ఉన్నది అతని భార్య స్వర్ణలత. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, ఆమె, ఆయన. ‘అన్నా, ఈ ఆదివారం మేమే నాచారం వస్తున్నం, మీ కలెక్షన్ చూస్తం’ అని గ్రూపు వాళ్లు కబురు పెట్టేసరికి పోయిన వారం ఆ ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినా చూసే దిక్కు లేకపోయింది. చివరికి మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. ఒక్క పూట ఉపేందర్ ఉపేందరన్నగా కూర్చుంటాడు. స్వర్ణలత చాయ్ ఇస్తుంది.

ఆ ఆదివారం రానే వచ్చింది.

“మళ్ల చెప్పు. పచ్చ ఇంజన్ ఏడికెళ్లి వచ్చింది?” అడిగింది స్వర్ణలత, సర్వపిండి గిన్నె పొయ్యి మీద తిప్పుతూ.

“జుమ్మేరాత్ బజార్ల పాత సామాన్లల్ల కొన్న. గోనె సంచిల ఉండె. మోటర్ కాలిపోయి ఉండె. నేనే...” ఉపేందర్ ఆగాడు. “నేనే వైండింగ్ జేసిన.”

“గాడ ఆగొద్దు. ధైర్యంగ అను.”

“నువ్వు జేసినదాన్ని నేను జేసిన అనాలంటే నోరు తిరుగుతలేదే.”

“ఒక్క పూటయ్యా. పొద్దుమీకితే మళ్ల నీ పేరు నీది, నా బండ్లు నాయి.”

ఉపేందర్ ఉప్పల్ డిపోలో బస్సు డ్రైవరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. పెద్ద గొంతు, పెద్ద చేతులు. ఆ చేతుల్లో అరచేతంత ఇంజన్ పెడితే పిట్టపిల్లను పట్టుకున్నట్టు బిగుసుకుపోతాడు. స్వర్ణలత నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాన్ల కంపెనీలో కాయిల్స్ చుట్టే పనికి చేరి, ఆ సెక్షన్‌కే సూపర్‌వైజరై బయటికొచ్చిన మనిషి. వెంట్రుకంత రాగి తీగను తెగకుండా చుట్టే ఆ వేళ్లే పాత రైలు బొమ్మల మోటార్లను మళ్లీ బతికించాయి. హెచ్.ఎం.టి. నగర్ వెనక గల్లీలో వాళ్ల ఇంటి పై గది మొత్తం ఆ బళ్లే. జర్మనీ రేకు ఇంజన్లు, ఇంగ్లండు బోగీలు, బొంబాయిలో ఎవరో సేట్ పిల్లలు ఆడి పారేసిన సిగ్నల్ స్తంభాలు. గది మధ్యలో ప్లైవుడ్ బల్ల మీద మూడు పట్టాల లైను. బయటి రెండు పట్టాల మీద చక్రాలు నడుస్తాయి, నడిమి పట్టా నుంచి ఇంజన్ కరెంటు తీసుకుంటుంది.

పదకొండు దాటాక కార్లు వచ్చి గల్లీలో ఆగాయి. ముందుగా దిగినవాడు మురళీధర్. రిటైరైన సైంటిస్టు, గ్రూపు మొదలుపెట్టిన పెద్దమనిషి. కిటికీలోంచి ఆయన చేతిలో శాలువా ప్యాకెట్ చూసి, ఇది ఒక్క చాయ్‌తో పోయేది కాదనుకుంది స్వర్ణలత. ఆయన వెనక ముగ్గురు నలుగురు సభ్యులు. అందరికంటే చివర సైనిక్‌పురి నుంచి వచ్చిన విక్రమ్, అతని భార్య దీప. విక్రమ్‌కు నలభై ఉంటాయి. తండ్రి మిలిటరీలో చేసి తెచ్చిపెట్టిన రైలు సెట్లు ఆయన పోయాక అతనికి వచ్చాయి. గ్రూపులో ‘అన్నా, అన్నా’ అని అందరికంటే ఎక్కువ పిలిచేది అతనే.

విక్రమ్ గుమ్మంలోనే ఉపేందర్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఉపేందర్ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అతని వీపు మీద మెల్లగా తట్టాడు.

“వదినా, నమస్తే,” అన్నాడు విక్రమ్ స్వర్ణలతను చూసి. “అన్న మాకు ఇచ్చిన టైమంతా నీ దగ్గర తీసుకున్నదే. మాఫ్ చెయ్యాలె.”

ఆమె నవ్వి లోపలికి పోయింది.

పై గదిలో అడుగు పెట్టగానే అందరూ బల్ల చుట్టూ మూగారు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఉపేందర్ మధ్యలో నిలబడి వేలు చూపిస్తూ పాఠం అప్పజెప్పాడు. ఇది ఫలానా ఊరిది, దీని రంగు అసలుదే, దీనికి ఒక చక్రం మాత్రం మార్చిన. స్వర్ణలత ట్రే పట్టుకొని తలుపు దగ్గర నిలబడి తన మాటలు మొగుడి గొంతులో వింటోంది. ఒక్క తప్పు పోలేదు. రెండు రోజుల్లో ఇంత కంఠతా పట్టాడా అని ఒకపక్క ముచ్చట. ఇంకోపక్క, ఏదో తన వంట ఎవరో వడ్డిస్తుంటే గోడ అవతల నుంచి వాసన చూస్తున్నట్టు ఉంది.

“అన్నా, మరి నడిపించవా?” అడిగారెవరో.

“చాయ్ తాగినంక,” అన్నాడు ఉపేందర్. నడిపించడం మాత్రం అతనికి నేర్పలేదు. నేర్పడానికి టైము చాలలేదు.

చాయ్ కప్పు అందుకుంటూ ఒక సభ్యుడు స్వర్ణలత వైపు చూసి నవ్వాడు. “మీకు మస్తు ఓపికమ్మా. ఇల్లు ఇల్లంతా బొమ్మలు నింపితే మా ఇంటామె నన్ను బయటికి నూకేది.”

ఆమె మళ్లీ నవ్వింది. ఉపేందర్ మాత్రం నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

మురళీధర్ శాలువా ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాడు. “వచ్చే నెల ఉప్పల్ ఫంక్షన్ హాల్లో మన గ్రూపు మొదటి ప్రదర్శన పెడుతోంది కదా. దానికి పెద్దమనిషిగా ఉండాల్సింది ఉపేందర్ గారే అని అందరం అనుకున్నాం. ఈ శాలువా...”

“సార్, ఒక్క నిమిషం,” అన్నాడు విక్రమ్. “శాలువా కంటే ముందు అన్నతోని నాకొక మాట ఉన్నది. డాబా మీదికి పోయొస్తం.”

---

డాబా మీద ఎండ చురుక్కుమంటోంది. దూరంగా మెట్రో రైలు మలుపు తిరుగుతూ మెరిసింది. విక్రమ్ దాని వైపు చూడకుండా నేల చూస్తూ మాట్లాడాడు. దీప అతని పక్కన కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“అన్నా, గా రోజులల్ల నువ్వు లేకపోతే నేనేమైపోతుంటినో నాకే తెల్వదు. నౌకరి పోయిందని ఇంట్ల చెప్పలేక పొద్దున్నే ఇస్త్రీ అంగి ఏసుకొని, మెడల ఐడీ కార్డు ఏసుకొని ఎల్లిపోయేటోన్ని. ఉప్పల్ మెట్రో కింద పొద్దుమీకేదాంక కూసునేటోన్ని. గా సంగతి ఈ భూమ్మీద నీకొక్కనికే చెప్పిన. మా అమ్మకు చెప్పలే, దీపకు చెప్పలే. నువ్వు రాసిన మాట... గా మాటతోనే ఇంటికి పోయిన అన్నా.”

అని వంగి కాళ్లు మొక్కబోయాడు.

ఉపేందర్ చప్పున వెనక్కి జరిగాడు. అతని ముఖంలో ఏమీ లేదు. ఏ మాట? ఏ రోజులు? అతనికి తెలిసింది ఒక్కటే. ఆ మధ్య ఒక చలికాలం స్వర్ణలత ముందర అన్నం కంచం పెట్టుకొని ముద్ద ఎత్తకుండా ఫోన్‌లో టైపు చేస్తూ ఉండేది. ‘గా ఫోనే తింటవా ఏంది’ అని అతను కసిరాడు. ‘ఒక మనిషికి జవాబియ్యాలయ్యా’ అంది ఆమె. ఎవరికి, ఏమిటి అని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

రైలు బొమ్మల గురించి ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. నేనే కొన్నాను, నేనే చుట్టాను అనొచ్చు. కానీ ఒక మనిషి కన్నీళ్లతో పెడుతున్న దండం తనది కానిది ఎలా తీసుకోవడం?   ఆ ఇంట్లో తన పక్కనే కంచం ముందర కూర్చున్న మనిషి, ఎవరికీ తెలియకుండా, ఒక సంసారాన్ని నిలబెట్టింది. మొగుడితో కూడా గొప్ప చెప్పుకోలేదు. 

“గీ దండం నాది కాదు తమ్మీ,” అన్నాడు. “నాతోని రా.”

“అన్నా?”

“రా అంటున్న గదా.”

మెట్లు దిగి గదిలోకి వచ్చి, తలుపు దగ్గర ఖాళీ కప్పులు సర్దుతున్న భార్య మణికట్టు పట్టుకున్నాడు. ట్రే తీసి పక్కన పెట్టాడు. ఆమెను తెచ్చి బల్ల ముందు, అందరి ఎదుట నిలబెట్టాడు.

“ఏం జేస్తున్నవయ్యా?” ఆమె కళ్లతో గదమాయించింది.

“ఒక్క పూట అన్నవ్. ఒక్క పూట గూడ నాతోని కాలే.” ఉపేందర్ అందరి వైపు తిరిగాడు. బస్సులో నిలబడ్డవాళ్లను లోపలికి జరగమని చెప్పే గొంతు అది. “సార్లూ, ఇనున్రి. మీ ఉపేందరన్న నేను గాదు. ఈమె. గీ పచ్చ ఇంజన్ కొన్నది ఈమె, మోటర్ చుట్టింది ఈమె, మీరు పెట్టే ప్రతి సవాల్‌కు జవాబు రాసింది ఈమె. నాకు బస్సు తప్ప ఏం రాదు. ఆ ఫోటో నాది, పేరు నాది. బుర్ర, చెయ్యి, మనసు అన్నీ ఈమెవే.”

ఎవరో నవ్వారు, వేళాకోళం అనుకొని. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

మురళీధర్ శాలువా ప్యాకెట్ బల్ల మీద పెట్టేశాడు. “ఏడేళ్లు, అమ్మా. ఏడేళ్లు మమ్మల్నందర్నీ మోసం చేశారా?”

స్వర్ణలత మొగుడి చేతి నుంచి మణికట్టు విడిపించుకుంది. ఒక్క క్షణం నేల చూసింది. తర్వాత తలెత్తింది.

“మొదలు నా పేరుతోనే వచ్చిన సార్. మీ గ్రూపుల గాదు, గంతకుముందు ఇంకో గ్రూపుల. నా ఫోటో పెట్టుకున్న, నేను బాగు జేసిన ఇంజన్ ఫోటో పెట్టిన. మొదటి జవాబు ఏమొచ్చిందో ఎరుకేనా? ‘మేడం, మీ సార్ చనిపోయారా? సామానంతా ఎంతకిస్తారు?’ అని. గప్పుడు మా ఆయన నా పక్కనే కూసోని పచ్చిపులుసు పోసుకొని అన్నం తింటున్నడు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చే మాటే, అయినా.

“రెండో మనిషి, ‘మోటర్ల కార్బన్ బ్రష్ గురించి మీకెట్ల తెలుసు, ఎవరు చెప్పిన్రు’ అన్నడు. మూడో మనిషి పూలగుత్తుల బొమ్మ పెట్టి గుడ్ మార్నింగ్ అన్నడు. రోజూ అన్నడు. ఇంజన్ గురించి ఒక్కడు మాట్లాడలే. మీ దగ్గరికొచ్చేటప్పుడు ఈయన పేరు పెట్టుకున్న. మొదటి రోజే మీరు, ‘ఉపేందర్ గారూ, ఈ వైండింగ్ అద్భుతం’ అని రాసిన్రు సార్. ఆ మాట చూసి నేనెంత మురిసిననో నాకే ఎరుక.”

మురళీధర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గడప దగ్గర ఉన్న సభ్యుడొకడు మాత్రం, “ఏదైనా అబద్ధం అబద్ధమే,” అని చెప్పులేసుకొని దిగిపోయాడు. తన కప్పులో చాయ్ అలాగే వదిలేశాడు.

విక్రమ్ అప్పటిదాకా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. 

“నా వాయిస్ మెసేజీలు,” అన్నాడు మెల్లగా. “అవన్నీ విన్నది నువ్వా?”

“విన్న.”

విక్రమ్ తలుపు వైపు తిరిగాడు. గబగబా మెట్లు దిగాడు.

---

స్వర్ణలత వెనకాలే పోయింది. మెట్ల మలుపులో అందుకుంది. విక్రమ్ వెంటే దిగిన దీప కూడా అక్కడే ఉంది.

“తమ్మీ, జర ఆగు.”

“నన్ను తమ్మీ అనకు!” విక్రమ్ గొంతు ఇరుకు మెట్లలో మోగింది. “తమ్మీ అనేది మా అన్న. నువ్వెవరు?”

“గా అన్న నేనే.”

“మగోడు అనుకొని చెప్పిన. అన్న అనుకొని చెప్పిన. ఆడమనిషి అని తెలిస్తే నేను నోరు తెరుస్తుంటినా? చిన్నపోరని తీర్గ ఏడ్చుకుంట పెట్టిన అవన్నీ. మీ ఆయన, నువ్వు కూసోని నవ్వుకున్నరా?”

“ఆయనకు ఇయ్యాల్టిదాంక తెల్వదు. డాబా మీద నువ్వు చెప్తుంటే ఆయన మొకం ఎట్లున్నదో నువ్వే సూశినవ్ గదా.”

విక్రమ్ డాబా మీద ఆ ముఖం చూశాడు. ఏమీ తెలియని మనిషి ముఖమే అది. కాళ్లు మొక్కబోతే భయపడి వెనక్కి జరిగిన ముఖం.

“నా కడుపుల వేసుకున్న మాట మా ఇంటాయనకు గూడ చెప్పలే,” అంది స్వర్ణలత. “నువ్వు గా రోజు చెప్పింది నా ఫోన్ దాటి పోలే. నువ్వు నమ్మితే నమ్ము, లేకుంటే లేదు.”

“మరి నాకెందుకు చెప్పలే? గా మొదటి రోజే, నేను వాయిస్ పెట్టంగనే, ‘నేను ఆడమనిషిని’ అని ఒక్క ముక్క రాయొచ్చు గదా. గప్పుడే ఆపేద్దును.”

“రాసిన,” అంది ఆమె. “టైపు జేసిన. పంపలే.”

“ఎందుకు?”

“అందుకే. నువ్వు ఆపేద్దువు.” ఆమె గొంతు తగ్గించింది. “నువ్వు ఏడ కూసోని మాట్లాడుతున్నవో నాకెరుక. వెనక నుంచి రైళ్ల సప్పుడు ఇనపడుతుండె. గా టైముల నా ముక్క చూసి నువ్వు ఫోన్ బంద్ జేస్తే నీకింకెవరున్నరు? నా అబద్ధం అబద్ధంగనే ఉండనీ, ఈ పిలగాడు మాత్రం ఇంటికి పోవాలె అనుకున్న. తప్పంటే తప్పే. నేను ఒప్పుకుంట. కానీ మళ్ల గట్లనే జరిగితే, మళ్ల అదే జేస్త.”

విక్రమ్ గోడ వైపు తిరిగాడు. దీప ఒక మెట్టు పైకెక్కింది.

“అక్కా, ఒకటి అడగాల్నా?”

“అడుగు బిడ్డా.”

“‘అంగి ఇప్పకముందే చెప్పు. చెప్పులు ఇడవకముందే చెప్పు. ముందు నీ పెండ్లాంకే చెప్పు, ఆమె నీకంటే గట్టిది’ అని... అది రాసింది నువ్వేనా?”

“నేనే.”

దీప కన్నీళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “గా రోజు ఈయన చెప్పులు గూడ ఇడవకుండ వచ్చి వంటింట్ల నిలవడి అంతా చెప్పిండు. నేను ఓదార్చిన, ధైర్యం చెప్పిన. తర్వాత బాత్రూంల పోయి ఏడ్చిన. నౌకరి పోయిందని గాదక్కా. ముక్కు మొకం తెల్వని ఎవడో మగోనికి ముందుగాల చెప్పిండు, నాకు చెప్పలే అని. ఆ అన్న మీద నాకు మస్తు కోపం ఉండె. ఇయ్యాల వచ్చింది గూడ అందుకే. ఆయన్నొక్క మాట అడగాలని వచ్చిన. ‘మగోనివి, పెండ్లాంకు చెప్పుమని నీకెట్ల తోచింది అన్నా? మా ఇండ్లల్ల మగోళ్లు ఒగనికొగడు ఎప్పుడూ గట్ల చెప్పుకోరు గదా’ అని.” ఆమె మొగుడి వైపు చూసింది. “ఇప్పుడు సమజైంది.”

 విక్రమ్ మెట్టు మీద కూలబడి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. గల్లీలో కూరగాయల బండి వాడు టమాటాల ధర అరుస్తూ పోతున్నాడు.

అప్పుడు పై గదిలో ఏదో గట్టిగా పడ్డ శబ్దం. వెంటనే ఉపేందర్ గొంతు. “అయ్యయ్యో!”

“నా బోగీలు!” స్వర్ణలత అంతా మరచిపోయి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టి పైకి పరిగెత్తింది.

అతిథులు ముఖాలు ముడుచుకొని కూర్చుంటే చూడలేక, వాళ్ల మనసు మళ్లిద్దామని ఉపేందర్ బండి నడిపించబోయాడు. కంట్రోలర్ పిడి పట్టుకొని ఒక్కసారే చివరిదాకా తిప్పాడు. ఇంజన్ బాణంలా దూసుకుపోయి మలుపు దగ్గర పట్టాలు తప్పి, బల్ల అంచుకు కొట్టుకొని, మూడు బోగీలతో సహా కుర్చీలో కూర్చున్న మురళీధర్ ఒళ్లో పడింది. ఆయన రెండు చేతులా పొదివి పట్టుకొని కదలకుండా కూర్చున్నాడు.

“బస్సనుకున్నవా ఏంది!” స్వర్ణలత మొగుడి మీద విరుచుకుపడింది. “వరంగల్ రోడ్డు అనుకున్నవా గది?”

ముందుగా నవ్వినవాడు విక్రమ్. స్వర్ణలత వెనకాలే దీపతో కలిసి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూనే నవ్వాడు. దాంతో గదంతా నవ్వింది. ఉపేందర్ కూడా.

స్వర్ణలత మోకాళ్ల మీద కూర్చొని ఇంజన్‌ను తిరగేసి చూసింది. చక్రాలను వేలితో తిప్పింది. నడిమి పట్టాను తాకే చిన్న రేకు వంగింది. గోరుతో సరిచేసింది. ఎవరి వైపూ చూడలేదు. ఎవరు తనను ఏమనుకుంటున్నారన్న ధ్యాస కూడా లేదు. ఇంజన్‌ను పట్టాల మీద పెట్టి, బోగీలు ఒక్కొక్కటే తగిలించి, లేచి కంట్రోలర్ మీద చెయ్యి వేసింది.

బండి కదిలింది. ముందు నడిచీ నడవనట్టు, తర్వాత సాఫీగా. వేడెక్కిన నూనె వాసన గదిలో కమ్ముకుంది. మలుపు వచ్చే ముందు ఆమె పిడి తగ్గించింది, దాటాక మళ్లీ పెంచింది. కిటికీలోంచి పడుతున్న ఎండలోకి వచ్చినప్పుడల్లా ఇంజన్ పచ్చగా మెరిసి, నీడలోకి పోయినప్పుడల్లా ముందు దీపం చిన్నగా వెలిగింది. తిరిగి తిరిగి వచ్చింది బండి.

“చిన్నప్పుడు మా నాయిన నన్ను నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీస్కపోయిండు,” అంది ఆమె, బండి మీంచి చూపు తిప్పకుండా. “ఒక దుకాణంల ఇట్లాంటిదే నడుస్తుండె. నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకున్నడు. గా దుకాణపాయన, పిలగాళ్లు ముందుకొచ్చి పిడి తిప్పుండ్రి అన్నడు. నేను గూడ చెయ్యి చాపిన. ‘ఆడపిల్లకు గుడ్డబొమ్మలు పక్క దుకాణంల ఉన్నయ్’ అన్నడు. మా నాయిన నన్ను కిందికి దింపకుండ, ‘నా బిడ్డ సూస్తది, సూడనీ’ అని దీపాలు ఆర్పేదాంక గట్లనే నిలవడ్డడు. పొద్దంతా కంపెనీల నిలవడి పనిజేసొచ్చిన మనిషి.”

ఉపేందర్ మురళీధర్ చెవి దగ్గర వంగి, గదంతా వినపడేలా గుసగుసలాడాడు. “సార్, చూసిన్రా? మూల తిరిగేటప్పుడు ఎట్ల తగ్గించిందో? డిపోల ట్రైనింగ్ ఇయ్యాల్సిన మనిషి సార్!”

మురళీధర్ లేచాడు. బల్ల మీది శాలువా తీసి, విప్పి, తను వేయకుండా దీప చేతికిచ్చాడు. “మీరు వెయ్యండమ్మా. మా అందరి తరఫునా.” తర్వాత స్వర్ణలత వైపు తిరిగి, “ఉప్పల్ ప్రదర్శనకు పెద్ద మీరే. కానీ ఒక షరతు. గేటు దగ్గర బోర్డు మీద మీ పేరే ఉండాలి. వెనక్కి తగ్గకూడదు,” అన్నాడు.

“తగ్గ సార్,” అందామె. “బోర్డు పెద్దగనే రాయించుండ్రి.”

దీప శాలువా కప్పి, అలాగే ఆమె భుజం మీద తల ఆనించింది.

విక్రమ్ బల్లకు అవతల పక్క నిలబడి తిరుగుతున్న బండినే చూస్తున్నాడు. బండి అతని ముందు నుంచి పోయి, చుట్టు తిరిగి, మళ్లీ వచ్చింది.  ఏమని పిలవాలో వెతుక్కుంటున్నట్టు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

“అక్కా,” అన్నాడు చివరికి. “జర మెల్లగ నడిపియ్యి. దీప వీడియో తీస్తది.”

---

ఆ వీడియో దీపే గ్రూపులో పెట్టింది. కింద రాసింది, ‘స్వర్ణలత గారు, నాచారం. ఇన్ని రోజులు మనం ఉపేందరన్న అన్నది ఈమెనే.’ అతిథులు సర్వపిండి తిని, ఇంకో విడత చాయ్ తాగి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే ఆ వీడియో ఆ గ్రూపులోంచి ఈ గ్రూపులోకి, ఇక్కణ్నుంచి ఇంకెక్కడికో పాకింది.

సాయంత్రం ఉపేందర్ వరండాలో కుర్చీ వేసుకొని భార్య ఫోన్ పట్టుకొని కూర్చున్నాడు. వచ్చిన ప్రతి మాటా గట్టిగా చదువుతున్నాడు, పక్కింటివాళ్లకు వినపడాలని.

“కరీంనగర్ నుంచి ఎవరో గిరిధర్ రాసిండు, ‘అమ్మా, శెనార్తులు’ అని దండం పెట్టిండు. ఇగో ఇంకొకడు, ‘మా బిడ్డకు చూపించిన’ అంట. మనోళ్లల్ల ఒకడు చాయ్ తాగకుండ పోయిండు సూడు, ఆయన గ్రూపుల నుంచి ఎల్లిపోయిండు. పోనీ!”

“చాలుతియ్యి,” అంది స్వర్ణలత. గదమాయించిందే కానీ ఫోన్ లాక్కోలేదు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. ఉక్కగా ఉన్నా తీయబుద్ధి కాలేదు. గల్లీలో పోయేవాళ్లు చూస్తే చూడనీ అనిపించింది. ఫోన్‌లో తన పేరు పక్కన ఇప్పుడు తన ముఖమే ఉంది, మధ్యాహ్నం తనే మార్చుకుంది.

“ఇదెవరే, పేరు లేదు. నంబరే ఉన్నది.” ఉపేందర్ చదవబోయి ఆగాడు. కళ్లు చిట్లించి మళ్లీ చూశాడు. ఈసారి గట్టిగా చదవలేదు. ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

‘నువ్వు కొమురెల్లి బిడ్డ స్వర్ణవేనా? మా దోస్తు ఫోన్ల నీ వీడియో సూశిన, నీ నంబర్ గూడ ఆయన్నే ఇప్పిచ్చిండు. అవ్వ పోలికే. పచ్చ ఇంజన్ గాదు, నిన్నే సూశిన. నేను దయాకర్‌ను. హన్మకొండల బస్సెక్కి ఉప్పల్‌ల దిగిన. రావాల్నా, ఇట్లనే వాపస్ పోవాల్నా?’

దయాకర్. స్వర్ణలత తోడబుట్టిన అన్న. ఆమె బడికి పోయే రోజుల్లో తండ్రితో పెద్ద గొడవపడి కట్టుబట్టలతో ఇల్లు విడిచిపోయాడు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, దవాఖానాలు, అన్నీ వెతికారు. తండ్రి కొమురెల్లి, కొడుకు ముఖం చూడకుండానే కన్నుమూశాడు. వాళ్ల అవ్వ, అంటే తల్లి వెంకటనర్సమ్మ, బోడుప్పల్‌లో ఉంది. కొడుకు ఫోటోకు దండ వేద్దామని చుట్టాలు ఎన్నిసార్లు అడిగినా ఇప్పటికీ వేయనివ్వదు.

స్వర్ణలత లేచి నిలబడింది. శాలువా జారి కుర్చీలో పడింది. రెండు మాటలు టైపు చేసింది, ‘ఆడనే ఉండు’. ఈసారి పంపింది.

“బండి తియ్యయ్యా,” అంది. “ఉప్పల్‌కు పోవాలె.”

ఉపేందర్ మారుమాట్లాడకుండా స్కూటర్ తాళం చెవి కోసం లోపలికి పరిగెత్తాడు. అతను తిరిగి వచ్చేలోపే ఆమె చేతిలో ఫోన్ మళ్లీ మోగింది.

‘ఉంట. కానీ చెల్లే, ముందుగాలనే చెప్తున్న. అవ్వకు ఇప్పుడే ఫోన్ చెయ్యకు. నేనొక్కన్నే రాలే, నాతోని ఇంకొకరున్నరు.’